మధ్యాహ్నం పన్నెండు గంటల కూత

మొన్న వినాయక చవితికి ముందు బీరువా సర్దుతూంటే, పట్టుచీరల అడుగున ఒక మూట దొరికింది. పాత నేతచీర ముక్కలో భద్రంగా కట్టిన మూట. బంగారమేమో అనుకునేరు! విప్పితే మాస్కులు. ఇరవైకి పైనే వున్నాయి. 2020 ఎండాకాలంలో మా అత్తయ్య, జాకెట్లు కుట్టగా మిగిలిన గుడ్డముక్కలన్నీ పోగుచేసి, కుట్టుమిషను ముందు కూర్చుని కుట్టిన మాస్కులు. ఆకుపచ్చ దానికి ఎర్ర అంచు, పసుపు దానికి నీలం అంచు. ఆవిడ ఏది చేసినా జత కుదరాల్సిందే.

"ఇంకా ఎందుకమ్మా ఇవి? పారేద్దామా?" అంది మా అమ్మాయి.

"వుండనీ" అన్నాను. ఎందుకన్నానో దానికి చెప్పలేదు. మీకు చెబుతాను. కానీ అంతకుముందు మిమ్మల్ని వందేళ్ల వెనక్కి, సముద్రాల అవతలికి తీసుకెళ్లాలి. కంగారు పడకండి, పాఠం చెప్పను. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్నే అయినా ఈ కథ ఏ క్లాసులోనూ వినలేదు. మొదటి ప్రపంచయుద్ధం కారణాలు, ఫలితాలు అంటూ పేజీలకు పేజీలు బట్టీ పట్టాం. ఆ యుద్ధం ముగిసే రోజుల్లోనే భూగోళమంతా చుట్టి, యుద్ధం కంటే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్న ఇన్‌ఫ్లుయెంజా గురించి మాత్రం ఒక్క వాక్యం చదివినట్టు జ్ఞాపకం లేదు. కరోనా వచ్చి ఇంట్లో కూర్చోబెట్టాక గానీ నేను ఆ పుస్తకాలు తెరవలేదు.

అమెరికాలో పడమటి తీరాన శాన్‌ఫ్రాన్సిస్కో అని పెద్ద వూరుంది కదా. ఇప్పుడు మన పిల్లలు సగంమంది ఆ చుట్టుపక్కలే వుంటున్నారు. 1918 సెప్టెంబరు చివర ఆ వూళ్లో జబ్బు అడుగుపెట్టింది. అక్టోబరు మధ్యకి వేలమంది మంచాన పడ్డారు. ఆ వూరి ఆరోగ్యాధికారి పేరు విలియం హాస్లర్, మేయరు పేరు జేమ్స్ రాల్ఫ్. అక్టోబరు 18న బడులు, సినిమా హాళ్లు, నాట్యశాలలు అన్నీ మూయించారు. కోర్టులు కూడా ఆరుబయట పార్కులో నడిపారు. జడ్జిగారు చెట్టుకింద కూర్చుని తీర్పు చెబుతున్న దృశ్యం వూహించుకోండి, అచ్చం మన రచ్చబండే!

తర్వాత వారంలో మాస్కుల చట్టం వచ్చింది. గాజుగుడ్డ నాలుగు మడతలు వేసి ముక్కూ నోరూ కప్పేలా కట్టుకోవాలి. కట్టుకోకపోతే జరిమానా, కాదంటే జైలు. రెడ్‌క్రాస్ వాళ్లు పడవల రేవు దగ్గర నిలబడి పది సెంట్లకొక మాస్కు అమ్మారు. ఇది కట్టుకుంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు రక్షణ అని పత్రికల్లో ప్రకటనలు వేశారు. ఈ తొంభైతొమ్మిది సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇక ఆడవాళ్లన్నాక వూరికే వుంటారా? కొందరు తురుష్క స్త్రీల మేలిముసుగులా మస్లిను గుడ్డతో కుట్టించుకున్నారు. కొందరు పల్చటి షిఫాను గుడ్డని ముక్కుమీద అలవోకగా జార్చి, చట్టానికి చట్టం, సింగారానికి సింగారం అనిపించారు. మా అత్తయ్య ఎర్ర అంచులు చూసి నవ్వుకున్న నేను, ఇది చదివాక నవ్వటం మానేశాను. ఎంత భయంలోనైనా కాస్త అందంగా బతకాలనుకోవడం ఆడదాని బలహీనత కాదు, బలం.

నవంబరు 11న యుద్ధం ముగిసింది. వూరు వూరంతా రోడ్లమీదికి వచ్చి పాడింది, ఆడింది, కావిలించుకుంది. మాస్కులు పెట్టుకునే! ఆ నెలలో జబ్బు కూడా తగ్గుముఖం పట్టింది. నవంబరు 16న సినిమా హాళ్లు తెరిచారు. ఆ రోజుల్లోనే ఒక తమాషా జరిగింది. కుస్తీ కాదు గానీ, గుద్దులాట పందెం ఒకటి జరిగితే పెద్దమనుషులంతా చూడ్డానికి వెళ్లారు. ఎవరో ఫోటో తీశారు. చూస్తే ఏముంది? మేయరుగారి ముఖానా మాస్కు లేదు, ఆరోగ్యాధికారిగారి ముఖానా మాస్కు లేదు! మేయరుగారు యాభై డాలర్లు జరిమానా కట్టారు. చట్టం చేసిన చేతులే ముందు దాన్ని విప్పుతాయన్నది ఏ దేశమైనా, ఏ కాలమైనా ఒకటేలా వుంది.

నవంబరు 21. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకి వూళ్లో సైరన్లు కూశాయి. ఇక మాస్కులు అక్కర్లేదని దానర్థం. జనం ఒక్కసారిగా ముఖాలమీంచి పీకి పారేశారు. కాలిబాటల నిండా తెల్లటి గాజుగుడ్డలు పరుచుకున్నాయట. ఐస్‌క్రీం షాపులు కిటకిటలాడిపోయాయి. నెల్లాళ్లు సగం ముఖంతో బతికినవాళ్లు ఎదుటివాళ్ల నవ్వు పూర్తిగా చూసుకున్నారు. నేను ఆ వూళ్లో వుంటే నేనూ అదే పని చేసేదాన్ని. మీరు మాత్రం?

డిసెంబరు మొదటివారం గడిచేసరికి కేసులు మళ్లీ పెరగడం మొదలైంది.

అసలు కథ ఇక్కడే వుంది. మొదటిసారి జబ్బొచ్చినప్పుడు చెప్పినమాట విన్న జనం, రెండోసారి వినలేదు. మళ్లీ మాస్కులు పెట్టుకోండని హాస్లర్ బతిమాలాడు. క్రిస్మస్ బేరాలు పాడవుతాయని వర్తకులు గోలపెట్టారు. డిసెంబరు 19న నగరసభలో ఓట్లు పెడితే మాస్కులు వద్దన్నవాళ్లు తొమ్మిదిమంది, కావాలన్నవాళ్లు ఏడుగురు. ఆ రోజుల్లోనే హాస్లర్ పేరుమీద ఒక పొట్లం వచ్చింది. విప్పితే మందుగుండు, సీసపు గుళ్లు, గాజు పెంకులు, ఒక గడియారం. అదృష్టం బాగుండి అది పేలలేదు. జబ్బు వుందని చెప్పినవాడి మీద జబ్బుకంటే ఎక్కువ కోపం వచ్చింది జనానికి.

జనవరిలో కేసులు ఇంకా పెరిగాయి. ఒక్కరోజే ఆరువందల కొత్త కేసులు నమోదయ్యాక, అదే నగరసభ మాట మార్చింది. 1919 జనవరి 17 నుంచి మళ్లీ మాస్కులు. ఈసారి జనం ఏకంగా 'మాస్కు వ్యతిరేక సంఘం' పెట్టారు. పెద్ద స్కేటింగు హాలులో సభ పెడితే వేలమంది వచ్చారు. ఆ సంఘానికి అధ్యక్షురాలెవరనుకున్నారు? ఒక ఆడ లాయరు! ఆడవాళ్ల ఓటు హక్కుకోసం పోరాడిన మనిషి. కాలిఫోర్నియాలో ఆడవాళ్లకి ఓటొచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. 'నా ముఖంమీద నీ చట్టమేమిటి' అని ఆవిడ అడిగిందంటే, ఆ పట్టుదల ఎక్కణ్ణించి వచ్చిందో నాకు కాస్త అర్థమవుతుంది. ఆవిణ్ణి మూర్ఖురాలని తోసెయ్యడానికి మనసొప్పలేదు.

పైగా అటువాళ్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు. తొంభైతొమ్మిది పాళ్ల సంగతి మళ్లీ వస్తానన్నాను కదా? ఆ తర్వాత కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్య శాఖవాళ్లే పరీక్షలు చేసి, గాజుగుడ్డ మాస్కుల చట్టంవల్ల అనుకున్నంత ప్రయోజనం కనబడలేదని తేల్చారు. వదులు నేత గుడ్డ, సరిగ్గా కట్టుకోని జనం. ఆ మాటకొస్తే అది ఏ పురుగువల్ల వస్తుందో కూడా అప్పటి డాక్టర్లకి తెలియదు. మనుషుల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ని పట్టుకున్నది 1933లో. తెలియనిదాన్ని తెలిసినట్టు, కొంచెం పనిచేసేదాన్ని పూర్తిగా పనిచేసేదిగా చెబితే ఏమవుతుంది? రెండోసారి నిజం చెప్పినా నమ్మరు. కూరలో ఉప్పు సరిపోయిందని ఒకసారి అబద్ధమాడితే, మర్నాడు నిజంగా సరిపోయినా రుచి చూసి గానీ వడ్డించుకోరు కదా!

ఫిబ్రవరి 1న మాస్కుల చట్టం ఎత్తేశారు. మొత్తంమీద ఆ వూళ్లో సుమారు నలభైఅయిదు వేలమందికి జబ్బు చేసింది. మూడు వేలమందికి పైగా పోయారు.

ఇది ఆ ఒక్క వూరి గొడవే అనుకోకండి. కొండల చెంతనున్న డెన్వర్ నగరంలో అక్టోబరులో అన్నీ మూసి, యుద్ధం ముగిసిన సంబరంలో తెరిచారు. పదిరోజులు తిరిగేసరికి మళ్లీ మూయాల్సి వచ్చింది. మూస్తామనగానే నాటకశాలల యజమానులు మేయరు దగ్గరికి పరుగెత్తారు. దుకాణాలు తెరిచివుంటే మాకెందుకు శిక్ష అన్నారు. మర్నాటికల్లా మూత పోయి మాస్కు వచ్చింది. వాళ్ల ప్రశ్న కూడా న్యాయంగానే లేదూ? ఫిలడెల్ఫియాలో అయితే సెప్టెంబరు 28న యుద్ధ నిధుల కోసం పెద్ద వూరేగింపు తీశారు. రెండు లక్షలమంది చూడ్డానికి వచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆస్పత్రుల్లో మంచాలు నిండిపోయాయి.

ఇదంతా ఎవరికి ఏం నేర్పిందంటారా? 2007లో అమెరికా పండితులు కొందరు ఆనాటి నలభైమూడు నగరాల లెక్కలన్నీ తిరగేశారు. త్వరగా మొదలుపెట్టి, ఎక్కువ కాలం, ఒకటికి రెండు జాగ్రత్తలు కలిపి పాటించిన వూళ్లల్లో చావులు తక్కువ. ఇంకో విషయం కూడా బయటపడింది. ఆంక్షలు అమల్లో వుండగా ఏ వూళ్లోనూ రెండో ఉధృతం రాలేదు. వచ్చిన వూళ్లన్నిట్లోనూ సడలించాకే వచ్చింది.

పాలు కాచే ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి తెలుసు. పొంగొస్తూంటే నాలుగు నీళ్లచుక్కలు చిలకరిస్తాం. పొంగు అణుగుతుంది. అణిగింది కదా అని పక్కింటావిడతో కబుర్లకి పోతే? కింద మంట అలాగే వుందాయె! పైగా జబ్బులో ఇంకో మోసం వుంది. ఇవాళ లెక్కలో కనబడే రోగి వారం కిందట అంటించుకున్నవాడు. ఇవాళ అంటించుకున్నవాడు ఇవాళ్టి లెక్కలో వుండడు. లెక్క ఎప్పుడూ మనకంటే వారం వెనకే నడుస్తుంది. మనమేమో దాన్ని చూసి ముందుకి పరుగెడతాం.

ఇప్పుడు మూట సంగతి.

2020 సెప్టెంబరులో మన దేశంలో రోజుకి దాదాపు లక్ష కేసులు వచ్చాయి. 2021 ఫిబ్రవరికి అవి పదివేల దగ్గరికి దిగాయి. టీకాలు కూడా మొదలయ్యాయి. మనందరి చెవుల్లోనూ పన్నెండు గంటల కూత వినిపించింది. ఆ మార్చిలో మా మరిది కొడుక్కి మొదటి పుట్టినరోజు.

"ఇంట్లోనే హారతిచ్చి, పరమాన్నం చేసుకుందామే అమ్మాయ్" అంది అత్తయ్య.

"అంతా అయిపోయింది కదా అత్తయ్యా, ఇంకా ఎన్నాళ్లు దాక్కుంటాం? ఏడాదిగా ఒక్క మనిషి ముఖం చూడలేదు" అన్నాను నేను. హాలు మాట్లాడింది నేను. తొంభైమందికి ఫోన్లు చేసింది నేను. పట్టుచీరమీదికి బాగుండదని మాస్కు తీసి చేతిసంచీలో పెట్టుకున్నది నేను. ఆ ఆడ లాయరుని మూర్ఖురాలనడానికి నాకేం హక్కుంది చెప్పండి?

అత్తయ్య చెల్లెలు, మా చిన్నత్తయ్య, తెనాలినుంచి బస్సులో వచ్చింది. పిల్లాణ్ణి ఒళ్లోంచి దించలేదు. ఫోటోల్లో నోరంతా నవ్వే. ఏప్రిల్‌లో ఆవిడకి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో మంచం దొరికేసరికి నాలుగురోజులు పట్టింది. మే నెలలో దేశంలో కేసులు రోజుకి నాలుగు లక్షలు దాటిన వారంలో ఆవిడ పోయింది. కడసారి చూపుకి అక్కని కూడా తీసుకెళ్లలేకపోయాం.

మార్చికీ ఏప్రిల్ చివరికీ మధ్య చాలా రోజులున్నాయి. మా వేడుకలోనే అంటుకుందని ఎవరూ అనలేరు. నేను మళ్లీ మళ్లీ వేళ్లమీద లెక్కపెట్టుకుని, కాదనే తేల్చుకున్నాను. కానీ ఆ వేడుక చూసొచ్చాకే "ఇంక భయం లేదు లెండి" అని ఆవిడ తెనాలిలో పేరంటాలకి వెళ్లడం మొదలెట్టిందని వాళ్లబ్బాయి చెప్పాడు. ఆ ధైర్యం ఆవిడకి ఇచ్చి పంపింది మాత్రం నేనే.

అత్తయ్య నన్ను ఒక్కమాట అనలేదు. ఇప్పటివరకూ అనలేదు. మిగిలిన మాస్కులన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి, చెల్లెలి పాతచీర ముక్కలో కట్టి బీరువాలో పెట్టుకుంది. అంతే.

ఆ సాయంత్రం మా అమ్మాయి మళ్లీ అడిగింది, "ఎందుకమ్మా దాచడం?" అని. అత్తయ్య పక్కనే కూర్చుని చవితి పత్రి ఏరుతోంది.

"మళ్లీ ఎప్పుడైనా అవసరం వస్తే, మీ అమ్మ మొదట పెట్టుకుంటుంది. ఆఖర్న తీస్తుంది. దానికోసం" అంది అత్తయ్య, తలెత్తకుండానే.

నేను లేచి మూటని మళ్లీ పట్టుచీరల అడుగున పెట్టేశాను.