కొమ్ము మొక్క: ఆంథోసెరాస్ అధ్యయన చరిత్ర

ఆంథోసెరాస్ తడినేలను అంటిపెట్టుకుని పెరిగే చిన్న మొక్క. దానికి నిజమైన వేరు, ఆకు, పువ్వు ఉండవు. పచ్చని పలుచని పొర మీద సన్నని కొమ్ములు నిటారుగా లేస్తాయి. గ్రీకులో ఆంథోస్ అంటే పువ్వు, కెరాస్ అంటే కొమ్ము. ఇటలీ శాస్త్రజ్ఞుడు మికేలి 1729లో వాడిన ఈ పేరును 1753లో లిన్నేయస్ స్థిరపరిచాడు. ఈ తెగ మొక్కలే హార్న్‌వర్ట్‌లు.

నేలమీది పొర సంయోగబీజాలను ఇచ్చే తరం (సంయోగబీజదం), దాని మీది కొమ్ము సిద్ధబీజాలను ఇచ్చే తరం (సిద్ధబీజదం). ఈ రెండు తరాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయని 1851లో వృక్షశాస్త్రజ్ఞుడు హాఫ్‌మైస్టర్ నిరూపించాడు. కొమ్ము అడుగునుంచి పెరుగుతూనే ఉంటుంది, దానికి పత్రరంధ్రాలుంటాయి, తన ఆహారంలో కొంత తానే తయారుచేసుకుంటుంది. అందుకే ఫెర్నుల పూర్వీకులు ఇలాంటి మొక్కలేనని వృక్షశాస్త్రజ్ఞుడు క్యాంప్‌బెల్ భావించాడు. స్కాట్లండ్‌లోని రైనీ శిలల్లో దొరికిన హార్నియోఫైటాన్ శిలాజంలో, ఆంథోసెరాస్ కొమ్ములో లాగే, సిద్ధబీజాశయం నడుమ స్తంభిక కనిపించడం ఆ ఆలోచనకు బలమిచ్చింది.

భారతదేశంలో ఈ అధ్యయనానికి పునాది వేసినవాడు లాహోరులో పనిచేసిన శివరామ్ కశ్యప్ (1882–1934). పశ్చిమ హిమాలయాల్లోని, హార్న్‌వర్ట్‌లకు దగ్గరి మొక్కలైన లివర్‌వర్ట్‌లపై ఆయన గ్రంథం 1929, 1932లలో రెండు భాగాలుగా వచ్చింది. సరళంగా కనిపించేవన్నీ ఆదిమమైనవి కావని, కొన్ని సంక్లిష్ట రూపాలు క్షీణించి ఏర్పడ్డాయని ఆయన వాదించాడు.

ఆంధ్రదేశమంతటా డిగ్రీ వృక్షశాస్త్ర విద్యార్థులకు ఆంథోసెరాస్ పరిచితమైన పేరే. పలుచగా కోసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే చాలా కణాల్లో ఒక్కొక్క పెద్ద హరితరేణువు, దాని నడుమ పైరినాయిడ్ కనిపిస్తాయి. పొర లోపలి గదుల్లో నాస్టాక్ అనే సయనోబాక్టీరియా నీలి ఆకుపచ్చ గుత్తులుగా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని స్థిరీకరించి మొక్కకు అందిస్తుంది.

పాఠ్యాంశంగా ఎంత పాతదైనా, ఆధునిక ప్రయోగశాలకు ఈ మొక్క ఆలస్యంగానే చేరింది. ఫిస్కోమిట్రెల్లా నాచు జన్యుక్రమం 2008లో, మార్కాంషియా అనే లివర్‌వర్ట్‌ది 2017లో వెలువడ్డాయి. ఆంథోసెరాస్ అగ్రెస్టిస్‌ను ప్రయోగశాలలో పెంచే పద్ధతిని 2015లో ప్రకటించారు, జన్యుక్రమాన్ని 2020లో ప్రచురించారు. 2021లో ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా ద్వారా దానిలో జన్యువులు చేర్చే పద్ధతి కూడా కుదిరింది.

నాచులు, లివర్‌వర్ట్‌లు, హార్న్‌వర్ట్‌లు ఒకే వంశశాఖ అని నేటి జన్యు పరిశోధన బలంగా సూచిస్తోంది. తొలి నేలమొక్కలకు పత్రరంధ్రాలు ఉండేవని, లివర్‌వర్ట్‌లు వాటిని పోగొట్టుకున్నాయని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సరళత క్షీణత వల్లా రావచ్చన్న కశ్యప్ వాదానికి ఇది కొత్త ఆధారం. నేలమొక్కల్లో పైరినాయిడ్ ఉన్నవి హార్న్‌వర్ట్‌లే. బొగ్గుపులుసు వాయువును కేంద్రీకరించే ఆ ఏర్పాటు మర్మం తెలిస్తే వరి వంటి పంటలకూ దాన్ని అందించవచ్చని పరిశోధకులు ఆశిస్తున్నారు.