ఆ రెండు వేల రెండు వందల ఇరవై ఇద్దరిలో ఒకరు: సంఘ రిజిస్టర్లు, కుటుంబ చరిత్ర

ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో, చెర నుండి తిరిగి వచ్చిన వారి లెక్కల నడుమ ఒక చిన్న ప్రస్తావన ఉంది. కొన్ని యాజక కుటుంబాల వారు వంశావళి పుస్తకాలలో తమ పేర్లు వెదకుకొన్నారు. అవి కనబడలేదు. అందుచేత వారు యాజకత్వానికి తగనివారుగా ఎంచబడ్డారు. వారిలో ఒక కుటుంబపు మూలపురుషుడు బర్జిల్లయి కుమార్తెలలో ఒకరిని పెండ్లాడి, మామగారి వైపు పేరునే పెట్టుకొన్నవాడు. మన వైపు ఇల్లరికపు అల్లుళ్ల సంతతికి వచ్చే చిక్కు వంటిదే ఇదీను. పుస్తకంలో పేరు లేకపోవడం వేరు, ఆ వంశంలో పుట్టకపోవడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడమే ఈ వ్యాసానికి విషయం.

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబాలలో తరచుగా వినబడే మాట ఒకటుంది: "మా ముత్తాత ఆ రెండు వేల రెండు వందల ఇరవై ఇద్దరిలో ఒకడు." 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి ఆ కార్యం నడిపారు. అంతకు ముందు 1876-78 నాటి కరవులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకొని వేలాది మందికి కూలి చూపించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరవు కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశారు. ఈ సంగతులు సంఘ చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినవే. ఆ సంఖ్యను ఇంతకాలం మనం తరగతి గదులలో అప్పజెప్పుతూనే ఉన్నాం. అయితే ఆ 2,222 మంది ఎవరు? అచ్చయిన నివేదికలలో లెక్క ఉంది గాని పేర్లు లేవు.

మా ఇంటిలోనూ ఇదే మాట ఉండేది. మా నాయనమ్మ చెప్పేది, ఆమె తరువాత మా చిన్నాన్న చెప్పేవాడు. అది నిజమో కాదో చూద్దామని నేను బయలుదేరాను. ఆ వెదుకులాటలో ఎదురైన వాటిని ఇక్కడ ఉంచుతున్నాను. ఇటువంటి పనికి పూనుకొనే పాఠకులకు ఒకటి రెండు అడుగులైనా కలిసి రావచ్చును.

మొదట ఇంటిలోని పెద్ద బైబిలు. మన క్రైస్తవ గృహాలలో బైబిలు ముందరి ఖాళీ పుటలో జనన, వివాహ, మరణ తేదీలు వ్రాసుకొనే అలవాటు ఉంది. మా తాత వ్రాసిన పుటలో తన తండ్రి బాప్తిస్మపు తేదీ 1878 జూలై 3 అనే ఉంది. దానితో పని ముగిసిందని సంతోషించాను. తరువాత చూస్తే ఆ పుటలోని మొదటి ఏడు పంక్తులు ఒకే సిరాతో, ఒకే పొందికతో ఉన్నాయి. అంటే ఒకే కూర్చునికలో, జ్ఞాపకం మీద వ్రాసినవన్నమాట. ఆ బైబిలు ముద్రణే 1920ల నాటిది. కాబట్టి అది 1878 నాటి సాక్ష్యం కాదు. 1878ని గూర్చి మా తాత నమ్మిన దానికి సాక్ష్యం.

తరువాత సంఘ రిజిస్టరు. ఇక్కడ ఒక సంగతిని నొక్కి చెప్పాలి. మన పూర్వికుల గూర్చి రిజిస్టరు ఏమి చెప్పగలదన్నది, ఆ సంఘం బాప్తిస్మాన్ని గూర్చి ఏమి నమ్మింది అన్న దానిపై ఆధారపడి ఉంటుంది. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘాలలో, అంటే 1841లో మచిలీపట్నంలో పని మొదలుపెట్టిన సి.ఎం.ఎస్. వారి ఆంగ్లికన్ సంఘాలలో, 1842లో గుంటూరు చేరిన హయ్యర్ దొరగారి లూథరన్ సంఘాలలో, బిడ్డ పుట్టిన కొద్ది కాలానికే పేరు పుస్తకానికెక్కుతుంది. ఆంగ్లికన్ పద్ధతి పుస్తకంలో బిడ్డ పేరుతో పాటు తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, బాప్తిస్మమిచ్చిన గురువు పేరు వ్రాసే గడులు ఉంటాయి. ఒక్క పంక్తితో రెండు తరాలు చేతికి వస్తాయి. రోమను కథోలికుల పుస్తకాలలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కూడ ఉంటాయి. పైగా 1907లో వెలువడిన 'నె తెమెరె' శాసనం తరువాత, ఒకరి వివాహం జరిగినప్పుడు ఆ సంగతిని వారి బాప్తిస్మపు నమోదు ప్రక్కన వ్రాయవలసి వచ్చింది. కనుక ఫిరంగిపురం వంటి పాత విచారణల కుటుంబాలవారు వెనుకకే కాదు, ముందుకు కూడ వెదకవచ్చును.

బాప్టిస్టులు విశ్వసించిన పెద్దవారికే బాప్తిస్మమిస్తారు. కాబట్టి ఆ పుస్తకాన్ని జనన పత్రం లాగా చదవకూడదు. తన విశ్వాసాన్ని తానే ఒప్పుకొన్న మనిషికి తండ్రి పేరు ఎందుకు? వేదాంతపరంగా అది సరైనదే, అందమైనది కూడ. చరిత్రకారునికి మాత్రం తలనొప్పి. నేను చూసిన రిజిస్టరులో మా ముత్తాత అనుకొనదగిన మనిషి పేరు, ఊరు, సంవత్సరం మాత్రమే ఉన్నాయి. ఇంటిపేరు లేదు. అదే ఊరినుండి అదే పేరుతో మరి ఇద్దరు ఉన్నారు.

ఇక ఆ సంవత్సరం 1879.

ఈ మాట మా చిన్నాన్నకు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "పుస్తకం తప్పురా" అన్నాడు. పండితుల ధోరణిలో నవ్వి ఊరుకోవచ్చును గాని, తిరిగి వెళ్లి చూస్తే ఆయన మాటలో కొంత పస ఉన్నదనిపించింది. ఆ రిజిస్టరు మొదటి ముప్పై పుటలూ ఒకే చేతివ్రాత. పాత పుస్తకం చెదలు తినగా ఎవరో ఓపికగా ఎత్తి వ్రాసిన ప్రతి అది. ఎత్తి వ్రాసిన వాడు 8ని 9గా చదివి ఉండవచ్చు, చదవక పోయి ఉండవచ్చు. మా తాత బైబిలు జ్ఞాపకానికి ప్రతి అయితే, ఇది చెదలు తిన్న పుస్తకానికి ప్రతి. రెండూ మూలం కావు.

మూలం కోసం ప్రభుత్వ దస్తావేజుల వైపు తిరిగాను. ఇక్కడ మొదటి పాఠం జిల్లాల పేర్లు. 1878లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో ప్రకాశం అన్న పేరు వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలైతే 1970 వరకు నెల్లూరులోనే ఉన్నాయి. 2022 నాటి పునర్విభజనలో అద్దంకి బాపట్ల జిల్లాకు పోయింది. నేటి జిల్లా పేరు పట్టుకొని పాత కాగితాలలో వెదికితే ఏమీ దొరకదు. మద్రాసు రాజధాని కాలపు ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మోరులోని అభిలేఖాగారంలో ఉన్నాయి. అక్కడ నెల్లూరు పేరనే అడగాలి.

గ్రామ స్థాయిలో రీసెటిల్‌మెంటు రిజిస్టరు ఉంది, దీనినే రెవెన్యూ కచేరీలలో డైగ్లాట్ అంటారు. ఇది భూమి ఉన్నవాని పుస్తకం. మాదిగ పల్లెలో పుట్టినవాడు అందులో కనబడకపోవడంలో వింత లేదు. అయితే 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేయించిన ఇనాం ఫేర్ రిజిస్టరును చాలామంది మరచిపోతారు. గ్రామసేవకు ఇచ్చిన మాన్యాలు నమోదైన చోట, అనుభవదారుని పేరు, వయస్సు, వారసుల వివరం కూడ ఉంటాయి. చెప్పులు కుట్టినందుకు, మోటకు తోలు బొక్కెన కట్టినందుకు, వెట్టి చేసినందుకు దక్కిన అర ఎకరం చెక్క మీద, మన పూర్వికుని పేరు వ్రాతలోకి ఎక్కే అవకాశం అక్కడుంది. మిషనెరీ రాకముందే ప్రభుత్వ గుమాస్తా వ్రాసిన పేరు అది. మా ఊరి పుటలో మాన్యం ఉంది, మా వాళ్ల పేరు అనుకొనదగినది ఒకటి ఉంది. అంతకు మించి సాగదీయడం నాకిష్టం లేదు. గ్రామంలో కరణం దగ్గర ఉండిన కాగితాలు 1984లో ఆ వ్యవస్థ రద్దయినప్పుడు ఎక్కడికి పోయాయో ఊరిలో ఎవరూ చెప్పలేకపోయారు.

వంశావళి సంఘాల మాట కూడ ఇక్కడే. పాశ్చాత్య దేశాలలో ఇందుకోసం ప్రత్యేక సంఘాలు ఉన్నాయి. బ్రిటిష్ ఇండియాలో నివసించిన కుటుంబాల గూర్చి వెదకే వారికి 1998లో ఇంగ్లాండులో ఒక సంఘం ఏర్పడింది. లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు రాజధానికి చెందిన బాప్తిస్మ, వివాహ, సమాధి నమోదుల ప్రతులున్నాయి. అవి ప్రధానంగా ఐరోపా వారివి, ఆంగ్లో ఇండియనులవి. మన పల్లెవారి కోసం అక్కడికి పోనవసరం లేదు. మనకూ వంశావళి చెప్పేవారు ఉండేవారు. రెడ్లకు, కమ్మవారికి పిచ్చకుంట్లవారు గోత్రాలు చెప్పేవారు. మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెబుతూ కులపు పుట్టుక వినిపించేవారు. ఏటేటా వచ్చి, త్యాగం పుచ్చుకొని, వెళ్లేవారు. మా ఇంటిలో అది ముత్తాత కాలంలోనే ఆగిపోయిందని నాయనమ్మ చెప్పేది. క్రైస్తవులమయ్యాక అటువంటి పాటలు వినగూడదని బోధకుడు అన్నాడట. రిజిస్టరులో మేము ఎక్కిన కాలాననే నోటి వంశావళిలో నుండి జారిపోయాము. దీనిని లాభమో నష్టమో తేల్చడం నా వల్ల కాదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' అన్న పుస్తకంలో మాదిగ విశ్వాసుల నోటి కథలు కొన్ని నిలిచాయి. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య వంటి వారి పూర్వ జీవితం కొంత మనకు తెలియడానికి ఇటువంటి రచనలే దారి. మిషను ఉత్తరప్రత్యుత్తరాలు కావలసినవారు అమెరికన్ బాప్టిస్ట్ చరిత్ర సంఘం భాండాగారాన్ని అడగాలి. అది 2008 నుండి అట్లాంటాలోని మెర్సర్ విశ్వవిద్యాలయంలో ఉంది.

మా ముత్తాత తమ్ముడొకడు కరవు తరువాత "సముద్రం దాటి పోయాడు" అన్న మాట కూడ ఇంటిలో ఉంది. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాలుకు ఒప్పందపు కూలీలుగా పోయిన సుమారు 1,52,000 మందిలో అత్యధికులు మద్రాసు రేవునుండే ఓడ ఎక్కారు. వారిలో తెలుగువారు అనేకులు. ఆ ఓడల జాబితాలు మన రిజిస్టర్ల కన్న వివరంగా ఉన్నాయని చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. కూలి నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు అన్నీ వ్రాశారు. పారిపోతే పట్టుకోవాలి గదా! కులపు గడిలో కొందరికి 'క్రైస్తవుడు' అని ఉంటుంది. జాయ్ బ్రెయిన్ ఈ జాబితాల ఆధారంగానే నాటాలులోని భారతీయ క్రైస్తవుల గూర్చి 1983లో ఒక గ్రంథం ప్రకటించారు. అక్కడి తెలుగు విశ్వాసుల కొరకు ఇక్కడి తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషను 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆయన కియర్స్నీ తేయాకు తోటల వద్ద సంఘం స్థాపించారు. కాబట్టి ఒంగోలు, నెల్లూరు కుటుంబాలకు అక్కడ ఇంకొక పుస్తకం తెరిచి ఉన్నది. మా తమ్ముడు ముత్తాత కోసం ఆ జాబితాలలో వెదకడం ఇంకా మిగిలే ఉంది.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఒక సంఘ కార్యాలయంలో రిజిస్టరు అడిగినప్పుడు అక్కడి పెద్దలు నన్ను రెండు గంటలు కూర్చోబెట్టి, చివరకు చూపించలేదు. మొదట కోపం వచ్చింది. తరువాత అర్థమైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు గాని క్రైస్తవులకు కాదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల 'సి' గుంపులో ఉంచారు. కనుక ఎన్నో కుటుంబాలలో బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘ రిజిస్టరులో ఒక పేరు. పరిశోధకుడు ముచ్చటపడి అచ్చువేసే పుట, బ్రతికి ఉన్న ఒకరి ఉద్యోగానికి ఎసరు కావచ్చు. కాబట్టి నేను పెట్టుకొన్న నియమం ఇది: వందేళ్ల లోపు నమోదులను ఫోటో తీయను, తీసినా ఆ కుటుంబం అనుమతి లేక ఎవరికీ చూపను. ఈ వ్యాసంలో మా ఊరి పేరు లేకపోవడానికి కారణం కూడ ఇదే. కాని ఇదే భయంతో పుస్తకాలను బీరువాలలో మగ్గనిస్తే చెదలు ఏ ఉత్తర్వునూ చదవవు. బెంగుళూరులోని ఐక్య వేదాంత కళాశాల అభిలేఖాగారం వంటి చోట ప్రతి ఒకటి భద్రపరచి, ఇన్నేళ్ల వరకు తెరవరాదని షరతు పెట్టుకోవచ్చు. సంఘాలు దీనిని తమంత తాము తీర్మానించుకోవాలి, బయటివారు తొందరపెట్టరాదు.

స్త్రీల సంగతి ఒకటి మిగిలింది. భూమి పుస్తకాలలో వారు దాదాపు లేరు. నేను చూసిన సంఘ రిజిస్టరులో ఉన్నారు, పురుషులతో సమానంగా, ఒక్కొక్కరికి ఒక్కొక్క పంక్తి. మా ముత్తాత పేరుకు క్రింద ఆయన భార్య పేరుంది. బైబిలు పుటలో మా తాత తన తల్లికి వ్రాసిన పేరు మరియమ్మ. రిజిస్టరులో ఉన్నది మారెమ్మ. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకొన్నదో, ఎత్తి వ్రాసినవాడు పాత పేరే ఉంచాడో, కొడుకు తల్లి పాత పేరు వ్రాయడానికి ఇష్టపడలేదో తెలియదు. మా అమ్మాయి పెండ్లికి కొన్న బైబిలు ముందరి పుటలో రెండు పేర్లూ వ్రాసి ఇచ్చాను. ఏ పేరు ఎక్కడ దొరికినదో ప్రక్కన చిన్న అక్షరాలతో వ్రాశాను. ముత్తాత బాప్తిస్మానికి రెండు సంవత్సరాలు వ్రాశాను. మా చిన్నాన్న ఆ పుట చూసి, 1879 మీద వ్రేలు పెట్టి, ఏమీ అనకుండా పుస్తకం మూసి ఇచ్చాడు.