ఇల్లు కట్టించేవారి అంచనాలు: కాగితంపై ఉంటేనే భరోసా

సొంత స్థలంలో ఇల్లు కట్టించే యజమానులు డిజైన్, నిర్మాణ సేవలు అందించేవారి నుంచి ప్రధానంగా నాలుగింటిని ఆశిస్తారు. అవి అనుకున్న ఖర్చు, చెప్పిన గడువు, పని నాణ్యత, లోపం బయటపడితే బాధ్యత. మొదటి మూడింటిపై ముందే చర్చ జరుగుతుంది. నాలుగోది తరచుగా మాటల్లోకే రాదు. శ్లాబు కారితే డిజైన్ లోపమని గుత్తేదారు, పనితనం లోపమని డిజైనరు అంటారు. నష్టం మాత్రం యజమానిదే.

రెరా పరిధి ఎంతవరకు?

స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 ఫ్లాట్ల కొనుగోలుదారులకు ఈ విషయంలో స్పష్టమైన రక్షణ కల్పించింది. స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 సంవత్సరాలలోపు నిర్మాణ, పనితనపు లోపాలను కొనుగోలుదారు తెలియజేస్తే, ప్రమోటరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచాలి. అయితే ఈ చట్టం విక్రయానికి ఉద్దేశించిన ప్రాజెక్టులకే వర్తిస్తుంది. సొంత స్థలంలో, సొంత నివాసానికి కట్టించుకునే ఇంటికి ఈ రక్షణ ఉండదు. అక్కడ యజమానికి ప్రధాన ఆధారం ఒప్పందమే.

ఒప్పందంలో ఉండాల్సినవి

చదరపు అడుగుకు ఇంత అని ధర మాట్లాడుకోవడం సాధారణం. ఆ ధరలో సిమెంటు, ఉక్కు రకాలు, తలుపులు, విద్యుత్ తీగలు, రంగుల వివరాలు ఉన్నాయో లేదో రాసుకోకపోతే అదనపు బిల్లులు తప్పవు. పునాది, శ్లాబు, గోడలు, ప్లాస్టరింగ్ వంటి దశలవారీగా చెల్లింపులు, మార్పులకు ముందస్తు లిఖిత అనుమతి, గడువు దాటితే పరిహారం, లోపాల సవరణ కాలం, అప్పటివరకు నిలిపి ఉంచే చివరి మొత్తం స్పష్టంగా పేర్కొనాలి. డిజైన్, నిర్మాణం రెండూ ఒకే సంస్థకు అప్పగిస్తే బాధ్యత ఒకరిపైనే ఉంటుంది. కానీ పనిని తనిఖీ చేసే స్వతంత్ర ఇంజనీరు అవసరం మరింత పెరుగుతుంది.

నాణ్యతకు కొలమానాలు

నాణ్యతను మాటలతో కాక ప్రమాణాలతో కొలవాలి. ఐఎస్ 456:2000 ప్రకారం సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటు వాడితే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. పొడి, వేడి వాతావరణంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. కాంక్రీటు బలాన్ని 28 రోజుల ఘనపు పరీక్షతో నిర్ధారిస్తారు. ఈ పరీక్షల నివేదికలు, నిర్మాణ చిత్రాలు యజమాని వద్ద ఉండాలి.

వివాదం తలెత్తితే

గృహ నిర్మాణం వినియోగదారుల చట్టం కింద సేవగా పరిగణనలో ఉంది. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇదే అంశాన్ని స్పష్టం చేసింది. ప్రస్తుత 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల్లోగా కమిషన్‌ను ఆశ్రయించాలి. అక్కడ యజమాని మాటకు బలం చేకూర్చేవి సంతకం చేసిన ఒప్పందం, రసీదులు, పరీక్షల నివేదికలే.