దాగలి మీద 1210 అని ఉంది... అంటే కాకతీయుల కాలం నాటిదా?

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక ఇనప దిమ్మ ఉంది. మా అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, జీవితమంతా సమ్మెట దెబ్బ వేసిన దాగలి. దాగలి అంటే తెలియని వాళ్లకి చెప్తున్నా: కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముని దేని మీద పెట్టి కొడతాడో, అదే దాగలి.

తాతయ్య పోయాక కొలిమి ఆగిపోయింది. పోయిన నెల మామయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, పాత ఇనుము కొనేవాడు వచ్చాడు, కిలో లెక్కన ఇచ్చేస్తున్నా" అన్నాడు. ఒక్క వారం ఆగమని బతిమాలి ఊరికి వెళ్లాను. అప్పుడు ఆయన ఇంకో మాట అన్నాడు. "దాని మీద 1210 అని చెక్కి ఉందిరా. గణపతిదేవుడి కాలం అన్నమాట. మ్యూజియం వాళ్లు కొంటారేమో చూడు."

1210లో ఓరుగల్లుని ఏలింది గణపతిదేవుడే, అది నిజం. కానీ దాగలి ఆకారం చూడగానే నాకు అనుమానం వచ్చింది. మన పల్లెల్లో కమ్మర్లు తరతరాలుగా వాడింది ఎక్కువగా చిన్న దిమ్మ. మొద్దులోనో నేలలోనో పాతి, కింద కూర్చుని కొట్టేవాళ్లు. ఇదేమో ఒక పక్క కొమ్ము, ఇంకో పక్క తోక, మధ్యలో సన్నటి నడుము, కింద నాలుగు పాదాలు ఉన్న రకం. తోక మీద రెండు కన్నాలు ఉన్నాయి, ఒకటి చదరం, ఒకటి గుండ్రం. ఇది ఇంగ్లీషు వాళ్ల నమూనా. ఆ గుండ్రటి కన్నం కూడా ఒక గుర్తే. చాలా పాత ఇంగ్లీషు దాగలికి అది ఉండదు, 19వ శతాబ్దంలోనే మామూలైంది.

సరే, పేరు ఎక్కడుంది? పక్క భాగం నిండా ఏళ్ల తరబడి దసరాకి పెట్టిన పసుపు, కుంకుమ, నూనె గట్టిపడి ఉన్నాయి. వెల్డింగ్ షాపు అబ్బాయి గ్రైండర్ తెచ్చాడు, "రెండు నిమిషాల్లో తళతళలాడిస్తా అన్నా" అన్నాడు. వద్దని దండం పెట్టాను. గ్రైండర్ పెడితే మురికితో పాటు అక్షరాలూ పోతాయి. కిరోసిన్ గుడ్డ, ఇత్తడి బ్రష్, అంతే. తర్వాత చీకట్లో ఫోన్ టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు ఇనుముకి ఆనించి వేశాను. గుంటల్లో నీడ పడి అక్షరాలు లేచాయి. సుద్దపొడి రుద్ది ఫోటో తీస్తే ఇంకా బాగా కనిపించాయి.

పైన పీటర్ రైట్, దాని కింద పేటెంట్. గుండ్రంగా సాలిడ్ రాట్. ఇంకా కింద ఇంగ్లాండ్. అన్నిటికంటే అడుగున 1, 2, 10. అంకెల మధ్య ఖాళీ ఉంది. మామయ్య వాటిని కలిపి చదివేశాడు!

పీటర్ రైట్ అంటే ఇంగ్లాండ్‌లో డడ్లీ ఊరి కంపెనీ, ప్రపంచమంతా దాగళ్లు పంపింది. పాదాల మీద చిన్న చదునైన మెట్టు ఉండటం వాళ్ల పనికి ఇంకో గుర్తు. ఇక ఆ మూడు అంకెలు తేదీ కాదు, బరువు. మొదటిది హండ్రెడ్‌వెయిట్. పేరుకి వంద గానీ లెక్కకి 112 పౌన్లు. రెండోది అందులో పావులు, పావుకి 28 పౌన్లు. మూడోది విడి పౌన్లు. అందుకే మధ్య అంకె 3 దాటదు, చివరిది 27 దాటదు. మనది ఎంతో చూడండి: 112, రెండు పావులకి 56, పైన 10. మొత్తం 178 పౌన్లు, అంటే సుమారు 80 కిలోల 740 గ్రాములు.

మరి వయసు? ఇంగ్లాండ్ అన్న ఒక్క మాట పట్టుకోండి. 1890లో అమెరికా ఒక సుంకం చట్టం చేసింది. 1891 నుంచి అక్కడికి వచ్చే సరుకు మీద ఏ దేశానిదో ఇంగ్లీషులో రాసి ఉండాలి. దేశం పేరు ఉన్న ఇలాంటి దాగలిని ఆ తర్వాతి కాలానిదిగా లెక్కేస్తారు. ఫలానా సంవత్సరం అని ఇది చెప్పదు, "అంతకు ముందు కాదు" అని మాత్రం చెప్తుంది. రెండో గట్టు మా ఇంట్లోనే ఉంది. తాతయ్య దీన్ని 1961లో సికింద్రాబాద్‌లో పాత సామాన్ల వేలంలో కొన్నాడని అమ్మమ్మ చెప్తుంది. 1893లో మొదలైన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ ఆ ఊళ్లోనే ఉంది కాబట్టి, ఇది రైల్వేదే అని మామయ్య తీర్పు ఇచ్చేశాడు. కావచ్చు. కానీ దాగలి మీద రైల్వే గుర్తేదీ లేదు, కాబట్టి నేను అనను.

మీరు సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఇంకో రెండు పరీక్షలు చేయండి. సుత్తితో మెల్లగా తట్టండి. ఇలాంటి కొట్టుడు ఇనుము దాగలి గంటలా మోగుతుంది. చవక పోత ఇనుముది మొద్దుగా పలుకుతుంది. ఒక్క మినహాయింపు ఉంది: అమెరికాలో ఫిషర్ కంపెనీది, గద్ద బొమ్మ ఉండేది. అది పోత ఇనుము మీద ఉక్కు ముఖం అతికించినది, మోగదు, అయినా మంచిదే. రెండోది, బేరింగ్ గుండుని పది అంగుళాల ఎత్తు నుంచి ముఖం మీద వదలండి. ఏడెనిమిది అంగుళాలు ఎగిరితే ఉక్కు ఇంకా గట్టిగా ఉన్నట్టు. మా దాగలి మోగింది, గుండు ఎనిమిదిదాకా ఎగిరింది. పైనున్న ఆ ఉక్కు రేకు పలచన. నున్నగా ఉండాలని దాన్ని అరగదీయిస్తే దాగలి ప్రాణం తీసినట్టే.

చివరికి పాత ఇనుము వాడి కాటా మీదే తూచాం. 79 కిలోల 500 గ్రాములు. కిలోకి పైగా తక్కువ! "కాటా మోసం" అన్నాడు మామయ్య. స్టాంపు వేసిన రోజే కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, కాటాలోనూ తేడా ఉండొచ్చు. కానీ అంచులు చూడండి, పెచ్చులు లేచి ఉన్నాయి. ముఖం మధ్యలో గుంట పడింది, తాతయ్య నాగటి కర్రులు సాగగొట్టింది సరిగ్గా అక్కడే. తగ్గిన బరువులో కొంతైనా ఆ పనిది.

మామయ్య గుంటలో చెయ్యి పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కాటా వాడితో, "దీన్ని దించు బాబూ. మిగతా సామాను చూద్దాం" అన్నాడు.

1210 నాటిది కాదు. మ్యూజియం వాళ్లు రారు. దాగలి మాత్రం ఇంట్లోనే ఉంది. మీ ఇంట్లో కూడా ఏ మూలో పాత పనిముట్టు ఉంటే, అమ్మే ముందు ఒకసారి టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. ఏం కనిపించిందో నాకు చెప్పండి. ఉంటాను.