వాటం తప్పిన చోట

ముందు చెయ్యి ఆనించి చూడండి. ఎండిన నాచు అరచేతికి గరగరమని తగులుతుంది. కొద్ది రోజులుగా తూర్పు గాలి వీస్తోంది. మాంచెస్టర్ చుట్టుపక్కల గాలి తూర్పుకి తిరిగిందంటే వాన వెనక్కి తగ్గినట్టే. ఏప్రిల్‌లో ఇలాంటి పూట దొరికినప్పుడే డ్రైవ్‌వే పనికి దిగాలి. తడి మీద బ్రష్ వేస్తే నాచు ముద్దయి తారుకి పులుముకుంటుంది. ఎండాక వేస్తే పెచ్చులుగా లేస్తుంది.

మీరిప్పుడు చీడిల్‌లో ఉన్నారు, 1930ల నాటి జంట ఇళ్ళ వీధిలో. మా ఇంటి ముఖం ఉత్తరానికి. చలికాలమంతా ఇంటి నీడ ఈ తారు మీదే పడి ఉంటుంది. పడమటి పక్క మనిషెత్తు ప్రివెట్ కంచె సాయంత్రపు ఎండని కూడా ఆపేస్తుంది. ఇక వాన సంగతి. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన, ఇక్కడ పడే వాన కొలతలో ఇంచుమించు ఒకటే, 800 మిల్లీమీటర్లు, ఆ పైన కొంచెం. అక్కడ అందులో చాలా భాగం జూన్, అక్టోబరు నెలల మధ్య కురిసి వెళ్ళిపోతుంది. ఇక్కడ ఏడాదిలో 150 రోజుల దాకా కొంచెం కొంచెంగా రాలుతూనే ఉంటుంది. నేలకి ఆరే వ్యవధి దొరకదు. నాచు బతకడానికి ఆ మాత్రం తడి చాలు.

ఈ భూతద్దం తీసుకుని ఇంకాస్త వంగండి. గుమ్మానికి దగ్గర్లో తెల్లగా మెరుస్తున్నది బ్రయమ్ అర్జెంటియమ్. దాని చిట్టి ఆకుల కొసల్లో పచ్చదనం ఉండదు, అందుకే ఆ వెండి రంగు. ప్రపంచంలో ఏ ఊరి కాలిబాట మీద వెతికినా కనిపిస్తుంది, అంటార్కిటికాలో కూడా ఉంది. దాని పక్కనే నూలుపోగంత సన్నని ఎర్ర కాడలు గుంపుగా లేచి నిలబడ్డాయి. అది సెరటోడాన్ అనే ఇంకో నాచు. ప్రతి కాడ చివరా ఒక గుళిక, లోపల సిద్ధబీజాలు. ఇప్పుడు ఆ వెండి కుదురు మీద ఒక్క చుక్క నీళ్ళు వదలండి. ముడుచుకున్న ఆకులు మీ కళ్ళ ముందే విచ్చుకుంటాయి, రంగు తేరుకుంటుంది. ఎండిపోయినంత మాత్రాన ఇది చావదు. వేళ్ళు లేవు, తారుని పట్టుకోవడానికి సన్నని నూగు మాత్రమే. తాగే నీళ్ళన్నీ ఆకులతోనే తాగుతుంది.

"బ్లీచింగు జల్లి వదిలేస్తే పోదేంటమ్మా?" అంటున్నారు అత్తయ్యగారు గుమ్మంలోంచి, స్వెటర్ మీద శాలువా కప్పుకుని. అమలాపురంలో బావి చప్టా మీద పాచిని ఆవిడ వదిలించేది అలాగే, బ్లీచింగ్ పౌడరు జల్లి కొబ్బరి పీచుతో రుద్ది.

"ఆ నీళ్ళు వాగులోకి పోతాయి అత్తయ్యగారూ." రోడ్డు అంచున ఇనప జల్లెడ చూపిస్తాను. ఇక్కడ వాననీటి గొట్టాలు చాలాచోట్ల శుద్ధి ఏమీ లేకుండా నేరుగా వాగుల్లో కలుస్తాయి. దగ్గర్లోనే మికర్ బ్రూక్ పారుతుంది, అది మెర్సీ నదిలో పడుతుంది.

"చేపలున్నాయా అందులో?"

"మెర్సీలోకి సాల్మన్‌లు కూడా తిరిగొచ్చాయండీ."

"అయితే వద్దులే." గోదావరి కాలవ గట్టున పెరిగిన మనిషికి అంతకన్నా చెప్పక్కర్లేదు.

వీధిలో ఎక్కడో జెట్ వాషర్ మోత వినిపిస్తోంది. రాతి పలకల మీద అది బాగానే పనిచేస్తుంది, పాత తారు మీద మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఎందుకో ఈ అంచున వేలు పెట్టి చూడండి. చిన్న రాయి ఒకటి ఊడి మీ చేతిలోకి వచ్చింది కదా. తారు నేల అంటే ఇంతే: రాళ్ళూ ఇసకా, వాటిని పట్టి ఉంచే నల్లటి జిగురు. ఇక్కడికి నలభై మైళ్ళ పైచిలుకు దూరంలో, డెర్బీషైర్‌లోని డెన్బీ దగ్గర రోడ్డు మీద తారు పీపా ఒలికిపోతే, ఇనప కొలిమి చిట్టెం పోసి కప్పారట. ఆ చోటు దుమ్ము లేకుండా నున్నగా గట్టిపడటం ఎడ్గర్ పర్నెల్ హూలీ అనే ఇంజనీరు చూశాడు. 1902లో దాని మీద పేటెంటు తీసుకున్నాడు. ఆనాటి బొగ్గు తారు పోయి ఇప్పుడు పెట్రోలియం నుంచి తీసే బిట్యుమెన్ వచ్చింది గానీ నిర్మాణం అదే. ఏళ్ళ తరబడి ఎండా మంచూ తిని పెళుసెక్కిన ఆ జిగురు మీద నీళ్ళ ధార కొడితే సన్నటి ఇసక ముందు లేచిపోతుంది, వెనకే రాళ్ళు. మిగిలిన గరుకు గుంటల్లో తడి నిలుస్తుంది, నాచు మునుపటికన్నా బాగా పడుతుంది. పైగా ధార దాన్ని ముక్కలుగా చీల్చి నలుమూలలా విసురుతుంది. ఆ తునకల నుంచి మళ్ళీ మొలుస్తుంది కూడా.

అందుకే చేతి పని. గట్టి పీచు ఉన్న పొడుగు కర్ర బ్రష్ ఇది, తీగ బ్రష్ కాదు. రోడ్డు వైపు వాలుగా, ఒకే దిక్కుకి తొయ్యండి. మొదటి తోపుకి చప్పుడు మాత్రమే వస్తుంది. రెండో తోపుకి అంచు లేస్తుంది. మూడో దానికి అరచేతి వెడల్పు పెచ్చు తిరగబడి, అడుగున నల్లటి మట్టి కనిపిస్తుంది. ఆ మట్టి వాసన చూడండి, అడవి వాసన. రాలిన ఆకులు, గాలి తెచ్చిన ధూళి, పాత నాచు కలిసి పేర్చుకున్న మట్టి అది. దాన్ని వదిలేసి పైపచ్చ మాత్రం తీస్తే ఏం లాభం? పగుళ్ళలోకి మాత్రం కొన వంగిన ఈ చిన్న కత్తి దూర్చి, నెమ్మదిగా లాగండి. చలికాలంలో ఆ పగుళ్ళలో నాచు పట్టి ఉంచిన నీళ్ళే గడ్డకట్టి ఉబ్బుతాయి, పగులుని ఇంకా తెరుస్తాయి. అసలు నష్టం అక్కడ. మందు ఏదీ తగలని నాచు కాబట్టి ఎత్తినదంతా తోట చెత్త బిన్‌లోకి వెళ్ళొచ్చు.

టప్‌మని మీ భుజం పక్కన పచ్చ ఉండ ఒకటి పడింది. తలెత్తి చూడండి. కప్పు అంచున నల్లటి పిట్ట, పసుపుపచ్చ ముక్కు. బ్లాక్‌బర్డ్. పురుగుల కోసం పెంకుల మీది నాచుని తిరగేసి కిందికి విసురుతోంది. కింద ఎంత ఊడ్చినా పైనుంచి కొత్త విత్తనం పడుతూనే ఉంటుంది. అది ఎగిరి కంచెలో దూరింది. గూడు అక్కడే ఉండొచ్చు. ఎండని ఆపుతున్న ఆ కంచెని ఇవాళే కత్తిరించాలని మీకనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ పిట్టలు వాడుకుంటున్న గూటిని కావాలని పాడుచెయ్యడం ఇక్కడి 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కాబట్టి కత్తెర సెప్టెంబరు దాకా ఆగాలి. అప్పటిదాకా కంచె వెంబడి ఆరని మూరెడు పట్టీకి మాత్రం నాచు మందు వాడతాను, అదీ వాన సూచన లేనప్పుడు, సీసా మీద రాసిన పాళ్ళలో, జల్లెడకి దూరంగా. బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న మందులు నీటి జీవులకి చేటు. లాన్ నాచుకి వాడే ఐరన్ సల్ఫేట్ ఇక్కడ చల్లితే తుప్పు మరకలు పడతాయి.

నేల నల్లగా తేలింది. ఇప్పుడు అసలు పరీక్ష. ఈ బకెట్ నీళ్ళు గుమ్మం దగ్గర పొయ్యండి. చూడండి, కొంత రోడ్డు వైపు సాగింది, మిగతాది కారు ముందు చక్రం ఆగే చోటికి తిరిగి చేరి నిలబడిపోయింది. ఇందాక నాచు అన్నిటికన్నా మందంగా ఉన్నది అక్కడే.

అత్తయ్యగారు చెప్పులేసుకుని మెట్టు దిగొచ్చారు. "వాటం లేదమ్మా. నీళ్ళన్నీ ఇక్కడికే వస్తుంటే ఎన్నిసార్లు గీకితే ఏంటి?"

నిజమే. ఆవిడ చూపించిన మేర సుద్దముక్కతో గీత గీస్తాను. ఆ గుంట అంచులు నిలువుగా కోసి, అడుగున రవ్వంత మట్టి లేకుండా ఊడ్చి, పొడిగా ఉన్నప్పుడు తారు కంకర నింపి దిమ్మిసతో కొట్టాలి. వేడి చెయ్యక్కర్లేని రకం సంచుల్లో దొరుకుతుంది. పక్క వీధిలో పని చేశాం, తారు మిగిలింది, చవగ్గా వేసేస్తాం అంటూ తలుపు తట్టేవాళ్ళని మాత్రం నమ్మకండి. నాచు మీదే పల్చటి పొర పరిచి పోతే ఒక్క శీతాకాలంలో అట్టలా లేస్తుంది. మొత్తం కొత్తగా వేయించే ఆలోచన ఉంటే ఇంకో సంగతి: ఇంగ్లండ్‌లో 2008 అక్టోబరు నుంచి, ఇంటి ముందు 5 చదరపు మీటర్లు దాటి నీరింకని నేల వేసి ఆ నీటిని రోడ్డు మీదికి వదిలితే ప్లానింగ్ అనుమతి కావాలి.

"దిమ్మిస ఎక్కడ దొరుకుతుందో కనుక్కో," అంటున్నారు అత్తయ్యగారు, బకెట్ నా చేతిలోంచి తీసుకుంటూ. "పూడ్చిన రోజు నీళ్ళు నేను పోస్తాను. నువ్వు కింద కూర్చుని ఎటు పోతున్నాయో చూడు."