సయాం రైలు చరిత్రను చూపడం ఎలా?

రైలు మార్గం చరిత్రను ప్రదర్శనశాలలో చూపడం సులభమే అనిపిస్తుంది. ఒక పాత ఇంజను, నాలుగు పట్టాలు, గోడకు పటం, కొన్ని ఫోటోలు ఉంటే చాలు. సయాం-బర్మా రైలు మార్గానికి మాత్రం ఇవి చాలవు. దాన్ని వేసినవారిలో ఎక్కువమంది గురించి కాగితం ముక్కయినా మిగలలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం బర్మాకు సామగ్రి చేరవేయడానికి థాయిలాండులోని బాన్‌పోంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయత్ వరకు 415 కిలోమీటర్ల మార్గం వేయించింది. 1942లో మొదలైన పని 1943 అక్టోబరులో ముగిసింది. పనిచేసిన యుద్ధఖైదీలు 60,000కు పైగా. వారిలో 12,000 మందికి పైగా మరణించారు. ఆసియా కూలీలు 1,80,000కు తక్కువ ఉండరనీ, మృతులు సుమారు 90,000 అనీ అంచనా. మలయా నుంచి వెళ్ళినవారిలో అధికులు రబ్బరు తోటల తమిళులు. తెలుగువారూ ఉన్నారు. కొద్ది నెలల పని, మంచి కూలి అని ఆశపెట్టి కొందరిని, బలవంతాన మరికొందరిని తీసుకుపోయారు.

కాంచనబురిలో ఒక బౌద్ధాలయం వారు 1977లో నెలకొల్పిన ప్రదర్శనశాల పేరు ‘జీత్’. జపాన్, ఇంగ్లండు, ఆస్ట్రేలియా, అమెరికా, థాయిలాండు, హాలండు దేశాల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో కూర్చిన పేరది. కూలీలను పోగొట్టుకున్న మలయా, బర్మాలకు అందులో అక్షరం దక్కలేదు. ఇందులో దురుద్దేశమేమీ లేదు. ఖైదీలు రహస్యంగా దినచర్యలు రాసుకున్నారు, బొమ్మలు గీశారు. వారి సైన్యాల దగ్గర జాబితాలున్నాయి. సమాధులపై పేర్లున్నాయి. ప్రదర్శనకు ఏర్చి కూర్చేవారికి చేతికందినవి అవే. 2003లో అదే ఊళ్ళో తెరిచిన రైల్వే ప్రదర్శనశాల కూలీల సంగతీ చెబుతున్నది. అయినా కూలీల పేర్ల కొరత తీరలేదు.

వస్తువులు లేకపోయినా చూపదగిన విషయం ఒకటుందని వైద్యులమైన మాకు తోస్తుంది. 1943 వర్షాకాలంలో ఆ శిబిరాల్లో కలరా వ్యాపించింది. అదే అడవి, అదే వాన, అదే క్రిమి. ఖైదీల్లో డాక్టర్లుండేవారు. నీళ్ళు కాచి తాగాలని, మరుగుదొడ్లు దూరంగా తవ్వాలని కట్టుదిట్టం చేశారు. దొరికిన గొట్టాలతోనే నీటిని బట్టీపట్టి, ఉప్పు కలిపి, రక్తనాళాల్లోకి ఎక్కించారు. కూలీల పాకల్లో అలా చెప్పేవారు, చేసేవారు చాలాచోట్ల లేరు. కొందరు భార్యాబిడ్డలతో వచ్చినవారు కూడా. ఒకవైపు నీళ్ళు కాగే డేక్సా, మరోవైపు నదిలో ముంచిన కుండ పక్కపక్కన పెట్టి, కింద మరణాల అంకెలు రాస్తే చాలు. కూలీలు ఎందుకంత ఎక్కువగా పోయారో పిల్లలకు కూడా తెలుస్తుంది.

ఇక పేర్ల సంగతి. మలేషియాలో మనలా చదువుకుని ఉద్యోగాలకు వచ్చిన తెలుగువారు కొద్దిమంది. తోటల్లో పనిచేసినవారి సంతతే ఎక్కువ. తాతగారు సయాం వెళ్ళి తిరిగి రాలేదని చెప్పే కుటుంబం మీకు పరిచయమైతే, వారి అనుమతితో ఆయన పేరు, పనిచేసిన తోట పేరు, వెళ్ళిన ఏడు రాసుకోండి. బతికి వచ్చినవారు చెప్పిన మాటలు పిల్లలకు గుర్తుంటే రికార్డు చేయండి. అవన్నీ మన సంఘం కార్యవర్గానికి అందజేస్తే, ఒక జాబితాగా కూర్చి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ప్రదర్శనశాలలవారికి పంపవచ్చు. ఒక గోడకు సరిపడా పేర్లు దొరకకపోవచ్చు. పది దొరికినా పదీ పంపుదాం.