చిల్పూరు నుండి కళాశాల గడప వరకు

స్టేషను ఘనపురమునకు చేరువనున్న చిల్పూరు, బుగులు వేంకటేశ్వరస్వామి వెలసిన గుట్టవలన నలుగురికిని తెలిసిన ఊరు. పోతన పేరుతో పెనవేసికొనిన బమ్మెరయు, సోమనాథుని పాలకుర్తియు ఈ జనగామ సీమలోనివే. ఇట్టి నేలపై పుట్టిన పిల్లవానికి తెలుగు చదువునకు లోటేమి యని ఎవరైనను అనుకొందురు. కాని నూరేండ్ల క్రిందట ఇచ్చటి పిల్లవాడు ఉన్నత పాఠశాల ముగించి కళాశాలలో చేరవలెనన్న, తన భాషను గడప వెలుపలనే విడిచిపోవలసి యుండెను. ఏ కళాశాల? అచ్చట ఏ భాష? ఖర్చెంత? బస ఎచ్చట? దరఖాస్తు ఎవరికి పంపవలెను? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగల మనిషి పల్లెలో దొరకుట అరుదు. ఆ బదులు ఎవరు చెప్పిరి, ఎట్లు చెప్పిరి అనునదే నేటి ప్రసంగ విషయము.

ముందు బాటను చూతము. సికింద్రాబాదు నుండి తూర్పుగా సాగిన నిజాము రైలుమార్గము 1889 నాటికి బెజవాడను చేరెను. జనగామ, ఘనపురము, కాజీపేట స్టేషన్లు ఆ దారిలోనివే. కావున చిల్పూరు చుట్టుపట్ల పల్లెలకు రాజధాని మరీ దూరపుటూరు కాదు. దూరమంతయు చదువులోనే ఉండెను.

హైదరాబాదులో నిజాం కళాశాల 1887లో ఏర్పడినది. అది మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధము, బోధన ఇంగ్లీషులో. నగరములోని సంపన్నుల పిల్లలకే అది అందుబాటు. 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పునాది పడెను. 1919 ఆగస్టు 28న 225 మంది విద్యార్థులతో ఇంటర్మీడియేటు తరగతులు ఆరంభమయ్యెను. బోధనాభాష ఉర్దూ. దీనిని గూర్చి న్యాయముగా మాటాడవలెను. ఉన్నతవిద్య యన్న ఇంగ్లీషే యని దేశమంతయు నమ్మిన ఆ దినములలో, వైద్యమును, ఇంజనీరింగును సైతము ఒక భారతీయభాషలో బోధించుట సామాన్యమైన సాహసము కాదు. దారుల్ తర్జుమా అను అనువాదశాఖ శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దింపుటకై ఏండ్ల తరబడి పాటుపడినది. ఆ కృషికి చేతులెత్తి నమస్కరింపవలసినదే. అయితే ఆ భాష రాజ్యములోని అధికసంఖ్యాకుల భాష కాదు. ఇంటిలో తెలుగు, బడిలో ఉర్దూ, వీనిపై తప్పనిసరియైన ఇంగ్లీషు. ఇన్నింటిని మోయగలిగినవాడే మెట్రిక్యులేషను గట్టెక్కును. గట్టెక్కని వారి లెక్క ఏ పుస్తకములోను కనబడదు.

జనగామ నాడు నల్లగొండ జిల్లాలోని తాలూకా. మెట్రిక్యులేషను దాటిన పిల్లవానికి 1927 నుండి హన్మకొండలో ఇంటర్మీడియేటు కళాశాల దొరికినది. ఆపైన డిగ్రీ కావలెనన్న హైదరాబాదునకు పోవలసినదే. పోయినవాడు ఎచ్చట ఉండవలెను, ఏమి తినవలెను అనునదే అసలు చిక్కు. జీతము కట్టగలిగిన తండ్రి కూడ పట్టణములో తెలిసినవారు లేక కుమారుని చదువు మాన్పించుట అప్పుడు వింత కాదు.

ఈ చిక్కును మొదట విప్పినవి వసతిగృహములు. అనంతరకాలమున హైదరాబాదు కొత్వాలుగా ప్రసిద్ధులైన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు కొన్నేండ్లు దాని నిర్వహణభారము వహించి, అచ్చటి గ్రంథాలయమును పెంపొందించిరి. తెలంగాణ రాజకీయములలో తరువాత పేరు వహించిన రావి నారాయణరెడ్డిగారివంటివారు ఆ హాస్టలులో నివసించినవారే. వసతిగృహమనగా అన్నముపెట్టు చోటు మాత్రమే అనుకొనుట పొరపాటు. పల్లెనుండి పెట్టె పట్టుకొని దిగిన కుర్రవానికి, తనకంటె రెండేండ్లు ముందు వచ్చినవాడొకడు అచ్చట ఉండును. ఏ ప్రొఫెసరు ఏమి అడుగును, జీతము గడువెప్పుడు, ఏ పుస్తకము ఎవరివద్ద అరువు దొరకును అనునవి ఆ పెద్ద విద్యార్థి నోటనే తెలియును. నాటి కళాశాల సమాచార పత్రమన్న ఆ విద్యార్థియే.

అయితే ఈ గృహములు పేరులోనే కులమును మోసినవి. రెడ్డి, వైశ్య ఇత్యాదిగా ఎవరి ఆసరా వారిది. కులమునకు ధనవంతులు లేనివారి సంగతి యేమి? భాగ్యరెడ్డివర్మగారు 1910లో ఆది హిందువుల పిల్లలకై హైదరాబాదులోని ఇసామియా బజారులో ప్రాథమిక పాఠశాల ప్రారంభించిరి. తరువాత మరికొన్ని పాఠశాలలు వెలసెను. ఒకరు కళాశాలకు బస వెదకుచున్నప్పుడు వేరొకరు ఓనమాలకై బడి కట్టుకొనుచుండిరి. జనగామ తాలూకా పల్లెలలో వెట్టిచాకిరి సాగుచుండిన రోజులవి. అదే తాలూకాలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దొరల తుపాకికి బలియైన సంగతి మనకు తెలిసినదే. దొర గడీలో పనికి పోవలసిన పిల్లవానికి ఇంటర్మీడియేటు మాట ఎవరు చెప్పుదురు?

రెండవ ఆసరా గ్రంథాలయము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. తెలుగు పత్రిక చదువదలచినవాడు అచ్చటికే పోవలెను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ సభకు అధ్యక్షత వహించినవారు పూనా నుండి వచ్చిన మహర్షి కార్వేగారు. వారి పేరు మరల రానున్నది, గుర్తుంచుకొనుడు.

మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదున తెలుగు బాలికలకై ఉన్నత పాఠశాల స్థాపించిరి. నారాయణగూడ పాఠశాలగా అది నేటికిని ప్రసిద్ధము. తెలుగున బోధించు ఉన్నత పాఠశాలకు ఆ రాజ్యములో గుర్తింపు దుర్లభము. అప్పుడు మాడపాటివారు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయమువైపు చూచిరి. 1916లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయము దేశభాషలలో బోధనను అంగీకరించినది. హైదరాబాదులో తెలుగున చదివిన బాలిక పూనా విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు కూర్చొనెను. ఇంటిముందరి వాకిలి మూసియుండగా, రాజ్యపు ఎల్లలు దాటి మరియొక వాకిలి తట్టవచ్చునని మొదట చూపినవారు ఈ బాలికలు. చరిత్రకారులు ఈ సంగతిని ఒక వాక్యముతో సరిపెట్టుట న్యాయము కాదు.

ఇక 1938. ఆ ఏడు నవంబరులో ఉస్మానియా వసతిగృహములోని విద్యార్థులు ప్రార్థనవేళ వందేమాతర గీతమును పాడసాగిరి. అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మె కట్టిరి. హన్మకొండ మొదలైన పట్టణముల కళాశాలలకును అది వ్యాపించెను. వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి. ఆ మాటలోని బరువును నేటి పిల్లలు ఊహింపజాలరు. బహిష్కారమనగా ఒక కళాశాల గేటు మూయబడుట కాదు. రాజ్యములోని చదువంతయు ఒక్కపూటలో మూతపడుట. పరీక్షకు నెలలే మిగిలియుండెను. జీతము కట్టియుండిరి. పల్లెలోని తల్లిదండ్రులకు ఏమని ఉత్తరము వ్రాయవలెను? క్షమాపణపత్రము వ్రాసి లోనికి పోవుటయా, లేక వేరొక విశ్వవిద్యాలయమును వెదకుటయా? పదిహేడు, పదునెనిమిదేండ్ల వయస్సున ఎవరి సలహా లేక తేల్చుకొనవలసిన ప్రశ్న అది.

బహిష్కృతుని చేర్చుకొనుటకు ఏ విశ్వవిద్యాలయమైనను జంకును. నాగపూరు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు టి.జె. కేదార్‌గారు జంకలేదు. హైదరాబాదు విద్యార్థులకు ప్రవేశమిచ్చిరి. కాజీపేట నుండి బల్హార్షాకు రైలుమార్గము 1929 నాటికి పూర్తియై యుండుట ఈ కథలో చిన్న విషయము కాదు. దానివలననే ఓరుగల్లు పిల్లవానికి నాగపూరు నేరుగా పోదగిన ఊరైనది. హైదరాబాదునకు పోవువాడు కాజీపేటలో పడమరగా సాగును. ఆ ఏడు చాలమంది ఉత్తరమునకు తిరిగిరి. దిగిన తరువాత మరల మొదటి ప్రశ్నలే: బస ఎచ్చట, భోజనమెచ్చట? బోధనాభాష కూడ మారినది. ఉర్దూలో నేర్చిన శాస్త్రమును ఇంగ్లీషులో మరల నేర్వవలెను.

వారిలో ఒకరు లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగి, హన్మకొండలో చదువుచుండిన పాములపర్తి వెంకట నరసింహారావుగారు. 1921లో జన్మించిన వారికి అప్పుడు పదిహేడేండ్లు. వారు నాగపూరులో ఇంటర్మీడియేటు ముగించి, పూనా ఫెర్గుసన్ కళాశాలలో బి.యస్సీ. చదివి, మరల నాగపూరులోనే న్యాయశాస్త్రపట్టము పొందిరి. 1991లో వారు ప్రధానమంత్రియగుట లోకవిదితము. నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వారు 1971లో చేసిన పని. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైన రెండు నెలలలోపుననే, ఆ నవంబరులో, నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమైనది. పేదపిల్లవానికి బస, భోజనము, చదువు ఒక్కచోటనే, కులము పేరు గోడమీద లేకుండ. తరువాత కేంద్రములో విద్యాశాఖను నిర్వహించు కాలమున నవోదయ విద్యాలయములును వెలసినవి. వసతికై తానెరిగిన కష్టమే ఇందుకు కారణమని వారి మనస్సులోనికి తొంగిచూచి చెప్పలేము. వరుస మాత్రము కన్నులకు కట్టుచున్నది.

1948 తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు బోధనాభాషయైనది. ఓరుగల్లులో 1959 అక్టోబరు 10న నెహ్రూగారు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసిరి. ఆ సంవత్సరమే కాకతీయ వైద్యకళాశాల వచ్చినది. 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడెను. నాగపూరు పోవలసిన ఊరిపిల్లవానికి విశ్వవిద్యాలయమే ఎదురువచ్చినదన్నమాట. ఈలోగా పి.యు.సి. పోయి 1969-70 నుండి రెండేండ్ల ఇంటర్మీడియేటు మరల అమలులోనికి వచ్చెను. ప్రతి మార్పునకును పల్లెలోని తండ్రి ఒకటే అడిగెను: ఇది పాసైనచో తరువాత ఏమి?

ఆ తరువాత ఎంసెట్ ప్రవేశపరీక్ష మొదలైనది. మార్కులతోపాటు ర్యాంకు అను మాట ఇంటింట వినవచ్చినది. పట్టణములో కోచింగు కొనగలిగినవానికి దారి చెప్పువారు ధనమునకు దొరకిరి. పల్లెవానికి మరల ఊరి ఉపాధ్యాయుడును, పై తరగతి చదువు పొరుగింటి అన్నయు తప్ప దిక్కులేదు.

2016లో జనగామ జిల్లాయైనది, చిల్పూరు మండలకేంద్రమైనది. అదే సంవత్సరము తెలంగాణలో డిగ్రీ కళాశాలల ప్రవేశములు చాలవరకు దోస్త్ అను అంతర్జాలపద్ధతికి మారెను. దోస్తనగా స్నేహితుడు, ఉర్దూ మనకు విడిచిపోయిన చక్కని మాటలలో ఒకటి. రెడ్డి హాస్టలు నాటి పెద్ద విద్యార్థి చేసిన పని ఇప్పుడు ఈ యంత్రమిత్రుడు చేయవలెను. ఇంటినుండియే దరఖాస్తు చేయవచ్చును; కళాశాలకొక దరఖాస్తు చొప్పున తిరుగ నక్కరలేదు; కులమును బట్టి బస వెదకిన రోజులతో పోల్చిన ఇది గొప్ప మేలు. కాని కోరిన కళాశాలలను ఏ వరుసలో పేర్కొనవలెనో యంత్రము చెప్పదు. సీటు వచ్చుటలో ఆ వరుసకును, మార్కులకును ముఖ్యమైన పాత్ర ఉన్నది. ఇష్టమైనదానిని క్రిందను, పేరు విన్నదానిని పైనను వ్రాసిన పిల్లకు పేరు విన్నదే దక్కును. సీటు వచ్చిన పిదప గడువులోగా అంతర్జాలముననే అంగీకారము తెలుపవలెను. తెలుపనిచో అది చేజారును.

దరఖాస్తునకు ముందు ఆధారుతో ముడిపడిన ఫోనుకు ఓటీపీ అను సంకేతసంఖ్య వచ్చును. ఇంటిలో అట్టి ఫోను ఒక్కటే ఉండి, అది పనికై పట్టణము పోయిన తండ్రి జేబులో ఉన్నచో, చిల్పూరులో కూర్చున్న కూతురు ఆయనకు కబురుపెట్టి, ఆయన ఆ అంకెలను చదివి చెప్పువరకు, గడియారము చూచుచు వేచియుండవలెను.